పాత జిప్సీని ఇంటి దగ్గరే బాగుచేసుకోవడం ఎలా?

యాభై కిలోమీటర్ల వేగం దాటాక రోడ్డు మీద చిన్న గతుకు తగిలితే చాలు, స్టీరింగ్ చేతుల్లో జల్లెడ పట్టినట్టు ఊగిపోతుంది. బ్రేకు తొక్కి ముప్పైకి దించితే గానీ ఆగదు. పాత మారుతి జిప్సీ కొన్నవాళ్లలో చాలామందికి ఇది తెలిసిన సంగతే. నాకు 1998 మోడల్ జిప్సీ కింగ్ కొన్న మూడో వారంలో తెలిసింది. రాజమండ్రి నుంచి మారేడుమిల్లి వెళ్తూ రంపచోడవరం ఇంకా చేరలేదు, పక్కన కూర్చున్న మా అన్నయ్య డ్యాష్‌బోర్డు పట్టుకుని "ఆపరా, ఆపు" అని అరిచాడు. తర్వాత ఒక వర్క్‌షాపులో చూపిస్తే కుదుపును మింగే కొత్త స్టీరింగ్ డాంపర్ వేసి, చక్రాలు బ్యాలెన్స్ చేసి పంపారు. రెండు నెలలు బాగానే నడిచింది. మళ్లీ మొదలైంది. అసలు జబ్బు ముందు యాక్సిల్ చివర, చక్రం పక్కకు తిరగడానికి ఇరుసులా ఉండే కింగ్ పిన్ల బేరింగుల్లో ఉంది. డాంపర్ దాన్ని కొన్నాళ్లు కప్పిపెట్టింది, అంతే.

ఆ బేరింగులు తర్వాత మా వాకిట్లోనే మార్చుకున్నాను. మీరు కూడా చేసుకోవచ్చు. పాత ఫోర్ వీల్ డ్రైవ్ బండి చేతికి రాగానే మనసు పెద్ద టైర్ల మీదకీ, బండి ఎత్తు పెంచే లిఫ్ట్ కిట్ల మీదకీ పోతుంది. దయచేసి కొన్ని నెలలు ఆగండి. ముందు బండిలో ఉన్న లూజంతా తీసేయండి. లూజు ఉన్న బండికి పెద్ద టైర్లు వేస్తే ఆ లూజు ఇంకా పెద్దదవుతుంది.

మీ జిప్సీ ఏది?

జిప్సీ 1985 చివర్లో వచ్చింది. మొదటిది ఎంజీ 410, 970 సీసీ పెట్రోల్ ఇంజిన్, నాలుగు గేర్లు. 1996లో 1298 సీసీ ఇంజిన్, అయిదు గేర్లతో జిప్సీ కింగ్, అంటే ఎంజీ 413 వచ్చింది. 2000 నుంచి కార్బ్యురేటర్ పోయి 16 వాల్వుల ఫ్యూయల్ ఇంజెక్షన్ ఇంజిన్ వచ్చింది. లోపల ఎన్ని మారినా కింద అస్థిపంజరం ఒకటే: నిచ్చెనలాంటి చాసిస్, నాలుగు మూలలా కమాన్ కట్టలు, ముందూ వెనకా గట్టి యాక్సిల్ హౌసింగులు (ఇరుసు గొట్టాలు), గేర్‌బాక్సుకు విడిగా కూర్చుని, ఇంజిన్ బలాన్ని ముందుకూ వెనక్కీ పంచే ట్రాన్స్‌ఫర్ కేసు. బోనెట్ ఎత్తితే నేల కనిపిస్తుంది. ప్రతి బోల్టుకీ పానా పడుతుంది. ఇంటి దగ్గర పని నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి బండి నాకు తెలియదు.

సైన్యం, పోలీసులు, అటవీ శాఖ ఏళ్ల తరబడి వాడిన బండి కాబట్టి సామాను ఇంకా దొరుకుతోంది. విజయవాడ ఆటోనగర్‌లో అడిగితే కింగ్ పిన్ బేరింగ్ అంటే ఏదో మళ్లీ చెప్పనక్కర్లేదు. జిప్సీ పుట్టింది సుజుకి ఎస్‌జే వంశంలో. అదే వంశపు బండిని అమెరికాలో సామురాయ్ అంటారు, ఆస్ట్రేలియాలో సియెర్రా అంటారు. మన జిప్సీ వాటికంటే పొడుగు గానీ, ముందు యాక్సిల్ పని తీరు అదే. అందుకని సామురాయ్ వర్క్‌షాప్ మాన్యువల్ దగ్గర పెట్టుకుంటే కింగ్ యజమానికి చాలా ఉపయోగం. నేను కింద ఇచ్చే కొలతలు కూడా ఆ లెక్కవే.

బండి లేపేటప్పుడు

సుమారు టన్ను బరువున్న బండి కింద మీ తల ఉంటుంది. కాబట్టి ఇక్కడ రాజీ లేదు. చదునైన సిమెంటు నేల కావాలి. మట్టి వాకిలి అయితే జాకీ కింద మందపాటి చెక్క పలక వేయండి. జాకీ లేపడానికే గానీ నిలబెట్టడానికి కాదు, లేపిన వెంటనే హౌసింగ్ కింద రెండు జాకీ స్టాండ్లు పెట్టండి. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు వద్దు. ఇటుక పగిలే ముందు చెప్పి పగలదు.

నేల మీదున్న చక్రాలకు ముందూ వెనకా అడ్డు చెక్కలు పెట్టండి. హ్యాండ్ బ్రేక్ మీద భారం వేయకండి. పాత మహీంద్రా జీపుల్లాంటి కొన్ని బండ్లలో హ్యాండ్ బ్రేక్ చక్రాల మీద కాకుండా యాక్సిల్‌కు బలం చేర్చే పొడుగు కడ్డీ, అంటే ప్రొపెల్లర్ షాఫ్టు మీద పడుతుంది. అలాంటి బండికి వెనక చక్రం ఒక్కటి లేపితే, హ్యాండ్ బ్రేక్ వేసి ఉన్నా రెండు చక్రాలనూ వేర్వేరు వేగంతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ తిరిగి బండి కదిలిపోతుంది. మీ బండికి ఏ రకం ఉందో ముందే చూసుకోండి.

స్టాండ్ల మీద పెట్టాక చేత్తో గట్టిగా ఊపండి. అప్పుడు కదలకపోతేనే కిందికి దూరండి.

లూజు ఎక్కడుందో కనిపెట్టడం

దీనికి ఇద్దరు కావాలి. ముందు చక్రం నేల నుంచి రెండంగుళాలు లేపండి. గడియారంలో 12, 6 అంకెలు ఉండే చోట రెండు చేతులతో టైరు పట్టుకుని లోపలికీ బయటికీ ఊపండి. టక్‌టక్‌మని కదిలిందంటే లూజు ఉన్నట్టే. కానీ ఏది? వీల్ బేరింగా, కింగ్ పిన్నా?

ఇప్పుడు రెండో మనిషిని బ్రేకు గట్టిగా తొక్కి పట్టుకోమనండి. మళ్లీ ఊపండి. బ్రేకు పట్టినప్పుడు చక్రం బిగించే హబ్బూ, దాన్ని మోస్తూ కింగ్ పిన్ల మీద పక్కకు తిరిగే నకిలూ ఒకటైపోతాయి, వీల్ బేరింగ్ లూజు మాయమవుతుంది. అప్పుడూ టక్‌మంటే తప్పు కింగ్ పిన్ బేరింగులది. ఈ ఒక్క పరీక్ష తెలిసి ఉంటే నా రెండు నెలలూ, డాంపర్ డబ్బులూ మిగిలేవి.

తర్వాత 9, 3 దగ్గర పట్టుకుని ఊపండి. అక్కడ కదలిక ఉంటే రెండు ముందు చక్రాలనూ కలిపే టై రాడ్ ఎండ్లు, స్టీరింగ్ బాక్సు నుంచి వచ్చే డ్రాగ్ లింకు, స్టీరింగ్ బాక్సు వరసగా చూడాలి. చక్రాలు నేల మీద పెట్టి, లోపలి మనిషి స్టీరింగ్‌ను ఇటు నాలుగు వేళ్లు అటు నాలుగు వేళ్లు తిప్పుతుంటే మీరు ప్రతి కీలు మీద వేలు పెట్టి ఉంచండి. కంటికి కనిపించని లూజు వేలికి తెలుస్తుంది. దొరికిన ప్రతిదాని మీదా సుద్దముక్కతో గీత పెట్టండి.

ఇదే ఊపులో కమాన్ కట్టల చివర్లను పట్టి ఉంచే షాకిల్ బుష్‌లు, ప్రొపెల్లర్ షాఫ్టుల కీళ్లైన క్రాసులు కూడా చూసేయండి. జిప్సీలో మూడు షాఫ్టులు ఉంటాయి. ముందుకు ఒకటి, వెనక్కి ఒకటి, గేర్‌బాక్సు నుంచి ట్రాన్స్‌ఫర్ కేసుకు పొట్టిది ఒకటి. ఆ పొట్టిదాన్ని చాలామంది మర్చిపోతారు. ట్రాన్స్‌ఫర్ కేసు మూడు రబ్బరు మౌంటుల మీద కూర్చుని ఉంటుంది. అవి చితికిపోతే క్లచ్ వదిలినప్పుడల్లా కింద నుంచి ధడ్‌మని శబ్దం వస్తుంది. అది విని గేర్‌బాక్సు పోయిందని భయపడి విప్పించేసినవాళ్లున్నారు. ముందు రబ్బర్లు చూడండి.

కింగ్ పిన్ పని

అసలు పని ఇది. మొదటిసారి ఒక వైపుకు ఒక రోజు పెట్టుకోండి. రెండు వైపులా ఒకేసారి విప్పకండి. రెండోది విప్పకుండా ఉంటే అదే మీకు నమూనా. ప్రతి దశలో ఫోన్‌తో ఫొటో తీయండి.

సామానుగా పైనా కిందా కింగ్ పిన్ బేరింగులు, నకిల్ వెనక వేసే సీల్ కిట్టు, యాక్సిల్ లోపలి ఆయిల్ సీలు, ప్యాకింగులు, మంచి లిథియం గ్రీజు తెచ్చుకోండి. పనిముట్లలో మామూలు బాక్స్ స్పానర్ సెట్టుతో పాటు టార్క్ రెంచ్, సర్‌క్లిప్ ప్లయర్, బాల్ జాయింట్ పుల్లర్, ఇత్తడి కడ్డీ, ఇంకా సామాను తూచే చిన్న స్ప్రింగు త్రాసు ఉండాలి. ఆ త్రాసును తక్కువ చేయకండి, ఈ పనికి ప్రాణం అదే.

చక్రం తీశాక బ్రేక్ క్యాలిపర్ విప్పి, తీగతో కమాన్ కట్టకు వేలాడదీయండి. దాని బరువు రబ్బరు పైపు మీద పడితే పైపు లోపల చిట్లుతుంది. బ్రేకు దుమ్మును నోటితో గానీ గాలితో గానీ ఊదకండి, పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు. తడి గుడ్డతో తుడవండి.

హబ్ మూత, సర్‌క్లిప్, డ్రైవ్ ఫ్లాంజ్ వరసగా వస్తాయి. మీ బండికి ముందు చక్రాన్ని యాక్సిల్ నుంచి విడదీసే ఫ్రీ వీల్ హబ్ ఉంటే ఫ్లాంజ్ బదులు అది వస్తుంది. లోపల వీల్ బేరింగ్‌ను పట్టి ఉంచే పెద్ద నట్టు కనిపిస్తుంది. మన దగ్గర చాలాచోట్ల దీన్ని ఉలీ సుత్తితో కొట్టి తిప్పుతారు. మీ నట్టు అంచులు చిట్లి ఉంటే మీకు ముందు ఎవరో అదే చేశారన్నమాట. సరైన బాక్సు దొరుకుతుంది, కొనండి. నట్టు తీశాక హబ్ బయటికి లాగి, హబ్ తిరిగే స్పిండిల్ బోల్టులు విప్పి, యాక్సిల్ షాఫ్టును నిదానంగా బయటికి జార్చండి.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి నకిల్ లోపలికి చూడండి. గ్రీజు ముద్దగా ఉంటే మంచిదే. కాటుకలా పల్చబడి, గేర్ ఆయిల్ వాసన వస్తుంటే లోపలి ఆయిల్ సీలు పోయి డిఫరెన్షియల్ ఆయిల్ ఇటు వస్తోంది. మజ్జిగలా తెల్లబడి ఉంటే నీళ్లు చేరాయి. నా బండిలో ఎడమ వైపు కాటుక, కుడి వైపు మజ్జిగ.

టై రాడ్ ఎండ్‌ను పుల్లర్‌తో విడదీయండి. నకిల్ వెనక ఉన్న రేకు రింగు, దాని లోపలి ఫెల్టు, రబ్బరు సీలు విప్పండి. ఇక పై కింగ్ పిన్, కింది కింగ్ పిన్. ఒక్కోదాని కింద పలుచని రేకు షిమ్‌లు ఉంటాయి. పైవాటిని ఒక కవర్లో, కిందివాటిని ఇంకో కవర్లో వేసి, పేరు రాసి పెట్టండి. కలిపేశారంటే నకిల్ ఎత్తు మారిపోతుంది. నా బండిలో అంతకుముందు ఎవరో కలిపేసి ఉన్నారు, అది సరిచేయడానికి ఒక పూట పట్టింది. కింది పిన్ లాగేటప్పుడు చేయి అడ్డం పెట్టుకోండి, బేరింగ్ జారి పడుతుంది.

ఆ బేరింగ్ కూర్చునే కప్పును గుడ్డతో తుడిచి వెలుతురులో చూడండి. గీసినట్టు వరసగా చిన్న చిన్న గాడులు కనిపిస్తాయి. బండి ఎక్కువసేపు నేరుగానే పోతుంది కదా, రోలర్లు ఏళ్ల తరబడి అదే చోట దెబ్బలు వేసి అక్కడే గుంటలు చేస్తాయి. గోరుతో రాస్తే తగులుతాయి. స్టీరింగ్ మధ్యకు వచ్చినప్పుడు ఏదో ఇరుక్కున్నట్టు అనిపించేది ఈ గుంటల వల్లే. కప్పులు కూడా మార్చాల్సిందే, కొత్త రోలర్లను పాత కప్పులో పెట్టడమంటే డబ్బు పారేసుకోవడమే.

పాత కప్పును ఇత్తడి కడ్డీతో అటో దెబ్బ ఇటో దెబ్బ వేస్తూ సమంగా దించండి. కొత్త కప్పును గంటసేపు ఫ్రిజ్‌లో, పైన ఐస్ పట్టే అరలో పెడితే కాస్త ముడుచుకుని సులువుగా కూర్చుంటుంది. కూర్చున్నాక సుత్తి శబ్దం మారుతుంది. అప్పటిదాకా బొంగురుగా ఉన్నది ఖంగుమంటుంది.

గ్రీజు పెట్టడం కూడా ఒక పనే. పైపైన పూస్తే లాభం లేదు. అరచేతిలో నిమ్మకాయంత గ్రీజు తీసుకుని, బేరింగ్ వెడల్పు అంచును అందులోకి నొక్కుతూ లాగండి. కాసేపటికి అవతలి అంచు నుంచి రోలర్ల మధ్యగా గ్రీజు చిన్న చిన్న పురుగుల్లా బయటికి వస్తుంది. చుట్టూ అలా వచ్చేదాకా చేయండి.

ఇప్పుడు నకిల్‌ను బేరింగులతో, పాత షిమ్‌లతో బిగించండి. వెనక సీలు ఇంకా వేయొద్దు, షాఫ్టూ పెట్టొద్దు. టై రాడ్ ఎండ్ దూరే రంధ్రానికి స్ప్రింగు త్రాసు కొక్కెం తగిలించి, నకిల్ చేతికి లంబంగా మెల్లగా లాగండి. నకిల్ కదలడం మొదలుపెట్టిన క్షణంలో త్రాసు మీద అంకె చూడండి. 1.0 నుంచి 1.8 కిలోల మధ్య ఉండాలి. తక్కువ ఉంటే ఒక షిమ్ తీయండి, పిన్ ఇంకాస్త లోపలికి వెళ్లి బేరింగ్ బిగుస్తుంది. ఎక్కువ ఉంటే ఒక షిమ్ చేర్చండి. నాలుగైదు సార్లు విప్పి బిగించాల్సి రావచ్చు. విసుక్కోకండి. ఆ వణుకు పోయేదీ పోనిదీ ఇక్కడే తేలుతుంది.

కొలత కుదిరాక సీలు కిట్టు వేయండి. యాక్సిల్ లోపలి కొత్త సీలు పెదవికి గ్రీజు రాసి, షాఫ్టును దూర్చేటప్పుడు దాని బరువు సీలు మీద ఆననివ్వకండి. కొత్త సీలు అక్కడే, అప్పుడే చిరిగిపోతుంది. ఒక చేత్తో షాఫ్టును పైకి ఎత్తి పట్టుకుని, దాని చివరి పళ్లు (స్ప్లైన్లు) దొరికేదాకా మెల్లగా తిప్పుతూ తోయండి. నకిల్ గుండ్రటి భాగంలో గ్రీజు నింపి స్పిండిల్ బిగించండి. వీల్ బేరింగ్ నట్టును హబ్ తిప్పుతూ బిగించి, తర్వాత వదులు చేసి, మళ్లీ మాన్యువల్ చెప్పినంత టార్క్‌తో తేలిగ్గా బిగించాలి. టై రాడ్ ఎండ్ కాటర్ పిన్ కొత్తది వేయండి.

చక్రాల టో కొలవడం

కింగ్ పిన్ పని అయ్యాక అలైన్‌మెంట్ చూడాలి. ముందు యాక్సిల్ గట్టిది కాబట్టి ఇంట్లో మీరు సరిచేయగలిగేది టో ఒక్కటే, అంటే ముందు చక్రాలు ముందు వైపున లోపలికి ఎంత తిరిగి ఉన్నాయన్నది. చక్రం లేపి తిప్పుతూ, చెక్కకు కొట్టిన మేకును టైరు మధ్యకు ఆనిస్తే చుట్టూ సన్నని గీత పడుతుంది. రెండు టైర్లకీ అలా గీసి, బండిని దించి రెండు అడుగులు ముందుకు తోయండి. టైర్ల ముందు భాగంలో గీత నుంచి గీతకు ఎంత దూరమో, వెనక భాగంలో అదే ఎత్తున ఎంతో టేపుతో కొలవండి. ముందు దూరం వెనకకంటే 2 నుంచి 6 మి.మీ. తక్కువ ఉండాలి. తేడా ఉంటే టై రాడ్ లాక్ నట్లు వదులు చేసి పైపును తిప్పండి.

ఆయిళ్లు

పాత బండి కొన్న వారంలో అన్ని ఆయిళ్లూ మార్చేయాలి. ఎవరు ఎప్పుడు ఏం పోశారో మీకు తెలియదు. ఒక్క నియమం గుర్తుంచుకోండి. ముందు పోసే నట్టు విప్పండి, అది వచ్చాకే దించే నట్టు విప్పండి. ఆయిల్ అంతా దించేశాక పోసే నట్టు పట్టేసిందని తెలిస్తే బండి అక్కడే ఉండిపోతుంది.

గేర్‌బాక్సుకు సుమారు 1.3 లీటర్లు, ట్రాన్స్‌ఫర్ కేసుకు 0.8, ముందు డిఫరెన్షియల్‌కు 2, వెనకదానికి 1.5 లీటర్లు పడతాయి. పోసే రంధ్రం అంచుకు వచ్చి కారడం మొదలైతే నిండినట్టు. గేర్‌బాక్సుకు డబ్బా మీద జీఎల్-4 అని రాసి ఉండే గేర్ ఆయిల్ వాడండి. కొన్ని జీఎల్-5 ఆయిళ్లలో ఉండే రసాయనాలు లోపలి ఇత్తడి సింక్రో రింగులను తినేస్తాయి. డిఫరెన్షియళ్లకు మాత్రం జీఎల్-5 తప్పనిసరి, క్రౌన్ పినియన్ పళ్ల ఒత్తిడికి జీఎల్-4 చాలదు. కొట్టువాడు రెండింటికీ ఒకే డబ్బా ఇస్తానంటే ఒప్పుకోకండి.

దిగిన ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీళ్లు కలిశాయి. అక్కడికి బ్రీదర్ సంగతి వస్తుంది. హౌసింగ్ పైన చిన్న బుడిపెలా ఉంటుంది, లోపలి వేడి గాలి దాని గుండా బయటికి పోతుంది. అది మట్టితో మూసుకుపోతే ఒత్తిడి పెరిగి ఆయిల్ సీళ్ల గుండా కారుతుంది. వేడెక్కిన హౌసింగ్ వాగులో దిగితే లోపలి గాలి ఒక్కసారి చల్లబడి ముడుచుకుని, దొరికిన సందు నుంచి నీళ్లు పీల్చుకుంటుంది. అందుకే జిప్సీకి నేను చెప్పే మొట్టమొదటి మార్పు ఇది: రెండు బ్రీదర్లకూ రబ్బరు పైపు తగిలించి, ముందుదాన్ని ఇంజిన్ గదిలో పైకి, వెనకదాన్ని బాడీ లోపల ఎత్తున కట్టేయండి. గంట పని. మన ఏజెన్సీ వాగుల్లో తిరిగే బండికి ఇంతకు మించిన పెట్టుబడి లేదు.

ఇంకో మాట, టైమింగ్ బెల్టు. ఎప్పుడు మార్చారో పాత యజమాని కచ్చితంగా చెప్పలేకపోతే మార్చేయండి. తర్వాత చూద్దామనుకునే విషయం కాదిది.

కమాన్ కట్టలు

బుష్‌లు మార్చేటప్పుడు చాలామంది చేసే పొరపాటు ఒక్కటే. బండి గాల్లో ఉండగానే షాకిల్ నట్లు పూర్తిగా బిగించేస్తారు. అలా చేస్తే బండి దించగానే రబ్బరు మెలిపడి, కొన్ని నెలల్లో చిరుగుతుంది. నట్లు చేతి బిగువుతో వదిలేసి, బండి చక్రాల మీద నిలబడ్డాక పైనుంచి నాలుగుసార్లు ఊపి, అప్పుడు పూర్తిగా బిగించండి.

హెడ్‌లైట్లు

పాత జిప్సీ లైట్లు మసకగా ఉంటే బల్బును నిందించకండి. ఇంజిన్ నడుస్తుండగా మల్టీమీటర్‌తో బ్యాటరీ దగ్గర వోల్టేజీ చూడండి, తర్వాత బల్బు పిన్నుల దగ్గర చూడండి. రెంటికీ ఒకటిన్నర, రెండు వోల్టుల తేడా వచ్చిందంటే కరెంటు వైర్లలోనే, స్విచ్‌లోనే ఖర్చయిపోతోంది. వోల్టేజీ 10 శాతం పడితే హాలోజన్ బల్బు వెలుతురు దాదాపు 30 శాతం పడిపోతుంది.

రెండు 55 వాట్ల బల్బులంటే 12 వోల్టుల మీద 9 ఆంపియర్లకు పైనే. ఆ కరెంటంతా ముప్పై ఏళ్ల నాటి స్టీరింగ్ కింది స్విచ్ మోస్తోంది. రిలే, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే పెట్టె, వేస్తే పాత స్విచ్ రిలేను కదిలించడానికే, బల్బులకు కరెంటు బ్యాటరీ నుంచి నేరుగా వెళ్తుంది. డిమ్‌కు ఒక రిలే, బ్రైట్‌కు ఒకటి. బ్యాటరీ నుంచి 2.5 చదరపు మి.మీ. వైరు, బ్యాటరీకి జానెడు దూరంలోపే 15 ఆంపియర్ల ఫ్యూజు. రిలే మీద 30 అంకె దగ్గర బ్యాటరీ నుంచి వచ్చే వైరు, 87 దగ్గర బల్బుకు వెళ్లేది, 85, 86 దగ్గర పాత స్విచ్ వైరు, ఎర్తు.

కొన్ని సుజుకి బండ్లలో హెడ్‌లైట్ స్విచ్ ప్లస్ వైపు కాకుండా ఎర్తు వైపు తెంపుతుంది. వైరు కోసేముందు మీ బండి ఏ రకమో మీటర్‌తో తేల్చుకోండి. ఎర్తు వైపు అయితే 85, 86 కలపడం మారుతుంది. బల్బులు మాత్రం 60/55 వాట్లవే ఉంచండి. అంతకు మించినవి హోల్డర్లను కరిగిస్తాయి, ఎదుటివాళ్ల కళ్లు పోగొడతాయి.

తుప్పు

విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో తిరిగిన బండి పైకి నిగనిగలాడుతూ లోపల పుచ్చిపోయి ఉండొచ్చు. చిన్న సుత్తితో చాసిస్ పొడుగునా కొట్టుకుంటూ పోండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది, పుచ్చినది డప్పులా డబ్బుమంటుంది. కమాన్ బ్రాకెట్ల దగ్గర, బాడీ మౌంటుల దగ్గర, వెనక క్రాస్ మెంబర్ దగ్గర ఎక్కువసేపు చూడండి. పైపై తుప్పును వైర్ బ్రష్‌తో గీకి, జింకు ప్రైమర్ వేసి రంగు వేసుకోవచ్చు. చాసిస్ పుచ్చితే అది ఇంటి పని కాదు, తెలిసిన వెల్డర్ దగ్గరికి తీసుకెళ్లండి. వెల్డింగ్‌కు ముందు బ్యాటరీ వైర్లు విప్పించండి.

ఇక మార్పులు

పై పనులన్నీ అయ్యాక టైర్ల గురించి మాట్లాడుకుందాం. కింగ్‌కు కంపెనీ సైజు 205/70 ఆర్ 15. దాని ఎత్తు లెక్కేస్తే 668 మి.మీ. చాలామంది వేసుకునే 215/75 ఆర్ 15 ఎత్తు 703 మి.మీ. పైన. 5 శాతం పెద్దది. నేల నుంచి ఎత్తు పెరిగేది ఇందులో సగమే, 18 మి.మీ. స్పీడోమీటర్ 60 చూపిస్తుంటే మీరు నిజంగా 63 మీద పోతుంటారు. 235/75 వేస్తే తేడా 10 శాతానికి దగ్గరవుతుంది. మూడో గేరులో ఎక్కిన ఘాట్‌కి రెండో గేరు కావాలి, బ్రేకులు ఇంకాస్త ముందే తొక్కాలి, మీరు ఇంత కష్టపడి బిగించిన కింగ్ పిన్‌ల మీద బరువు పెరుగుతుంది. నేను కంపెనీ సైజులోనే మంచి గాడులున్న టైర్లు వేసుకున్నాను. మారేడుమిల్లి బురదలో నాకు తక్కువైందేమీ లేదు.

పొడుగు షాకిళ్లు వేసి బండి లేపడం చవకైన పని గనుక అందరూ చేస్తారు. దాంతో యాక్సిల్ వాలు తిరిగి కాస్టర్ కోణం, అంటే కింగ్ పిన్ వెనక్కి వాలిన కోణం, మారుతుంది. మలుపు తర్వాత స్టీరింగ్ తనంతట తాను నేరుగా రాదు. ప్రొపెల్లర్ షాఫ్టు క్రాసులు ఎక్కువ కోణంలో తిరిగి త్వరగా అరుగుతాయి. వద్దని చెబుతాను.

చట్టం సంగతి కూడా చూసుకోండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలోని వివరాలు కంపెనీ ఇచ్చిన అసలు వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణలో అనుమతి లేని మార్పు ఒక్కోదానికి 5000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పెట్టారు. బుల్ బార్లు వద్దని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది. డీజిల్ ఇంజిన్ మార్పిడి, చాసిస్ కోయడం లాంటివి ఇంటి పనుల జాబితాలోంచి తీసేయండి. 15 ఏళ్లు దాటిన బండికి ప్రతి అయిదేళ్లకీ రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. ఆ రోజు ఇన్‌స్పెక్టర్ ముందు బండి నిలబడాలి కదా. అనుమానం ఉన్న మార్పును ముందే ఆర్‌టీఓ ఆఫీసులో అడగండి.

బయటికి తీసుకెళ్లినప్పుడు

మొదట ఖాళీ రోడ్డు మీద 40, తర్వాత 50, తర్వాత 60. ఆగి హబ్బుల మీద చేయి పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే సరే. చేయి పెట్టలేనంత కాలితే వీల్ బేరింగ్ ఎక్కువ బిగిసింది.

ఫోర్ వీల్ పరీక్ష తారు రోడ్డు మీద చేయకండి. జిప్సీకి మధ్య డిఫరెన్షియల్ లేదు. మలుపులో ముందు చక్రాలు వెనక చక్రాలకంటే ఎక్కువ దూరం తిరగాలి, ట్రాన్స్‌ఫర్ కేసు ఒప్పుకోదు. పొడి తారు మీద చక్రాలు జారలేవు కాబట్టి ఆ ఒత్తిడంతా గేర్లలో, షాఫ్టుల్లో మెలిపడి ఉండిపోతుంది. ఫోర్ వీల్ లివరు కూడా బయటికి రాదు. మట్టి దారిలోకో ఇసుకలోకో దిగి, చక్రాలు నేరుగా పెట్టి ఫోర్ హై (మామూలు వేగపు ఫోర్ వీల్) వేయండి. ఫోర్ లో (నిదానంగా ఎక్కువ బలమిచ్చేది) వేయాలంటే బండి పూర్తిగా ఆపి క్లచ్ తొక్కి వేయాలి. లివరు పట్టేస్తే బలవంతం చేయకుండా నాలుగు అడుగులు వెనక్కి పోనిచ్చి చూడండి, వదులుతుంది.

500 కిలోమీటర్లు తిరిగాక కమాన్ కట్టలను యాక్సిల్‌కు బిగించే యు బోల్టులు, కింగ్ పిన్ బోల్టులు, చక్రాల నట్లు టార్క్ రెంచ్‌తో మళ్లీ చూడండి. కొత్త బేరింగులు సర్దుకుని ఉంటాయి, 12, 6 దగ్గర చక్రం ఊపి బ్రేకు పరీక్ష ఇంకోసారి చేయండి. త్రాసు చూపించిన అంకెలు, వాడిన షిమ్‌ల లెక్క, తేదీ, కిలోమీటర్లు బండిలోనే ఒక నోటుబుక్కులో రాసి పెట్టుకోండి. నా పుస్తకంలో మొదటి పేజీలో ఉన్నవి ఇవి: ఎడమ 1.4, కుడి 1.3.